మాట వినని పిల్ల

ఇందులో రాసే ప్రతి మాటా నిజం. తిరుత్తణి కొండెక్కి, అరచేతిలో కర్పూరం వెలిగించి, చెయ్యి కాలేదాకా ఓర్చుకుని, స్వామి ఎదుట దాన్ని ఆర్పి ప్రమాణం చేయమన్నా చేస్తాను. ఇంత గట్టిగా ఎందుకు చెప్పవలసి వస్తోందంటే, మా ఇంట్లో నా మాటకున్న విలువ అంతంత మాత్రం. ఒకనాటి తెల్లవారుజామున రేణిగుంట ప్యాసింజరు డ్రైవరు పొగమంచులో దారి తప్పి, ఇంజను దిగివచ్చి, తిరువళ్ళూరుకు ఎటు పోవాలని నన్నడిగాడని ఎప్పుడో చెప్పాను. మా ఆవిడ ఈనాటికీ చుట్టాల ముందు ఆ కథ తీసి ఎత్తిపొడుస్తుంది. పట్టాల మీద పోయే రైలు దారి తప్పడమేమిటని ఆమె ప్రశ్న. ఆనాటి మంచు ఎంత దట్టమో ఆమె చూడలేదని నా జవాబు. అది వేరే సంగతి. ఇప్పుడు చెప్పేది మాత్రం అబద్ధమాడడం చేతకాని చెవుల సంగతి. నాలాంటివాడికి అవెంత ఆశ్చర్యమో చెప్పడానికే ఈ అధ్యాయం.

పోయిన నెల మా మేనకోడలు తిరువళ్ళూరులోనే ఒక ఆసుపత్రిలో ప్రసవించింది. మర్నాడు నేను చూడబోయేసరికి బిడ్డ పాల వాసనతో, పిడికిళ్ళు బిగించుకుని నిద్రపోతోంది. ఒక అమ్మాయి సెల్‌ఫోనంత యంత్రం పట్టుకుని వచ్చింది. దానికున్న సన్నటి గొట్టం చివరను బిడ్డ చెవిలో మెల్లగా పెట్టి, అలాగే నిలబడింది. బిడ్డ కదలలేదు. యంత్రం మీద పచ్చదీపం వెలిగింది. "రెండు చెవులూ పాస్ అంకుల్" అని ఆ అమ్మాయి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. మా మేనకోడలు నా మొహం చూసి, "ఏం మామా, అట్ల నిలబడిపోతివి? యాడన్నా నొప్పిగా ఉండాదా?" అంది. నొప్పి కాదు. ఆ గొట్టం శబ్దాన్ని పంపితే, లోపలి చెవి తిరిగి తనూ ఒక శబ్దం చేస్తుంది. యంత్రం పట్టుకునేది దాన్నే. చెవి వినడమే కాదు, పలుకుతుంది కూడా. నేను మద్రాసులో చెవుల చదువు చదివే రోజుల్లో మా మేడమ్ ఈ సంగతి అప్పుడే ఎక్కడో చదివి వచ్చి క్లాసులో చెబితే, కోతలు కోయడంలో నాకు పోటీ దొరికిందనుకున్నాను. ఆ కోత ఇప్పుడు ఒక చిన్నదాని చేతిలో పచ్చదీపమై వెలిగి, పక్క మంచానికి పోయింది. ఆ సాయంత్రమంతా నాకు వేరే ఆలోచన లేదు.

మాది పాత్రల అంగడి. తిరువళ్ళూరు తేరు వీధిలో, పువ్వుల కొట్టుకూ సైకిలు షాపుకూ మధ్యన ఉండేది. పొద్దున్నే అమ్మ చింతపండు పిప్పి, బూడిద కలిపి, ఆ రోజు ముందు వరసలో పెట్టే ఇత్తడి బిందెలు తోమించేది. తడి ఇత్తడి వాసన, పులుపు వాసన, పక్క కొట్టు మల్లెల వాసన కలిసి ఒకే వాసనగా ఉండేవి. ఈనాటికీ మల్లెపువ్వు వాసన చూస్తే నా నోట్లో చింతపండు నీళ్ళూరుతాయి. నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని, కొత్తగా వచ్చిన ప్రతి పాత్రనూ నడివేలు మడిచి కణుపుతో తట్టేవాడు. తట్టి కళ్ళు మూసుకునేవాడు. ఆ మోత ఎంతసేపు నిలిచింది, ఎక్కడ తెగింది అని వినేవాడు. కంటికి కనపడని పగులు, లోపల మిగిలిపోయిన తడి, అతుకు దగ్గర పలచబడిన రేకు, అన్నీ ఆ వేలికి తెలిసేవి. కుంభకోణంలో ఏ వీధిలో పోతపోసిందో కూడా చెప్పేవాడు. సరే, వీధి చెప్పలేదు, ఊరు చెప్పేవాడు. పెళ్ళి సామాన్ల కోసం పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు కూడా అంతే, తట్టి చూడకుండా ఒక్క చెంబు కొనేవాళ్ళు కాదు. "నువ్వు మంచిదంటే సరిపోతుందా సెట్టీ, అది చెప్పల్ల కదా" అనేవాళ్ళు నాయనతో.

మద్రాసులో నాకు ఆడియాలజీ చదువుకు సీటు వచ్చిందన్నప్పుడు మా వీధిలో ఎవరికీ అదేమిటో తెలియలేదు. నాయన రేడియో రిపేరు అనుకున్నాడు. సైకిలు షాపు ఆయన మర్నాడే ట్రాన్సిస్టరు తెచ్చి, "గరగర అంటా ఉండాది, కొంచెం చూడు అబ్బీ" అన్నాడు. ఇది చెవులకు సంబంధించిన చదువని చెప్పడానికి సిగ్గేసి, దాన్ని వారం రోజులు ఇంట్లో పెట్టుకుని, వెనకవైపు రెండు దెబ్బలు వేసి ఇచ్చేశాను. చాలాకాలం బాగా పాడింది. వీధిలో నాకొచ్చిన మొదటి పేరు అదే.

రోజూ లోకల్ రైల్లో పోయి రావడం. మొదటి సంవత్సరమంతా మేం నేర్చుకున్నది అడిగి తెలుసుకునే పరీక్ష. బయటి చప్పుడు చొరబడని గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా వేలెత్తమంటాం. వేలెత్తితే విన్నట్టు. ఎత్తకపోతే విననట్టు. ఇందులో ఎంత సందుందో నాలాంటివాడికి మొదటి రోజే కనపడింది. ఒకరినొకరు పరీక్షించుకునే పాఠంలో నేను ఎడమ చెవి చెవిటివాణ్ణయ్యాను. చిన్నప్పుడు దీపావళికి చెవి పక్కన పటాసు పేలిందనీ, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదనీ గొంతు కొంచెం వణికించి చెప్పాను. నన్ను పరీక్షించిన సెల్వం అనే అరవ కుర్రాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని, నాకు క్యాంటీనులో బోండా కొనిపెట్టి, మేడమ్ దగ్గరికి పరుగెత్తాడు.

మేడమ్ పేరు వసంత. సన్నగా, ఎప్పుడూ గంజి పెట్టిన నూలు చీరలో ఉండేది. ఆమెది తమిళం, కానీ నాతో కావాలని వచ్చీరాని తెలుగులో మాట్లాడేది. నన్నేమీ అడగలేదు. పక్క గదిలో కూర్చోబెట్టి, నా ఎడమ చెవిలో రబ్బరు బిరడా ఒకటి గాలి పోకుండా బిగించింది. దాని వెనక ఒక పెట్టె, పెట్టె మీద గడియారం ముల్లులాంటి ముల్లు. బిరడాలోంచి సన్నటి హోరు వస్తోంది. ఆ హోరులో ఎంత లోపలికి పోయింది, ఎంత కర్ణభేరికి తగిలి తిరిగొచ్చింది అని ఆ పెట్టె కొలుస్తుందట. నాకు వెంటనే నాయన వేలు గుర్తొచ్చింది. ఇదీ తట్టి చూడడమే. భేరి వెనక నీరు చేరిన చెవి ఒకలా తిరిగి పలుకుతుంది, చిల్లి పడినది ఒకలా, బాగున్నది ఒకలా. నా బిందె బాగానే ఉందని తేలింది. తర్వాత మేడమ్ గట్టి శబ్దం ఒకటి వదిలింది. నేను మొహం రాయిలా పెట్టుకుని కూర్చున్నాను. రెప్ప కూడా వేయలేదు. ముల్లు మాత్రం టక్కున ఎగిరింది. మళ్ళీ శబ్దం, మళ్ళీ ఎగిరింది. మేడమ్ పెట్టెను నావైపు తిప్పి, "నీ కథ నీ చెవికి ముందే చెప్పి పెట్టుకోలేదా?" అంది.

చెవి లోపల బియ్యపు గింజంత కండరం ఒకటి ఉంది. పెద్ద శబ్దం వినపడితే అది ముడుచుకుని, ఒంట్లోకల్లా చిన్న ఎముకను వెనక్కి లాగుతుంది. మనల్ని అడగదు. మనం దాన్ని ఆపలేం. అది ముడుచుకున్నదని మనకు తెలియనైనా తెలియదు. పుట్టినప్పటి నుంచి నేను ఇంట్లో, బళ్ళో, రైల్లో చెప్పిన ప్రతి అబద్ధం వెనకా ఆ గింజంత కండ తన పని తాను నిజాయితీగా చేసుకుపోతూనే ఉందని తెలిసిన క్షణం, నాకు సిగ్గు వేయలేదు. గుళ్ళో గర్భగుడి తలుపు తెరిచినప్పుడు ఒళ్ళు ఎలా అవుతుందో అలా అయింది.

ఆ తర్వాత తూకం పరీక్షలు, అంటే ఒంటి నిలకడ పరీక్షలు నేర్పారు. మనిషిని పడుకోబెట్టి చెవిలోకి చల్లనీళ్ళు పోస్తారు. కాసేపటికి అతని కళ్ళు వాటంతటవే మెల్లగా ఒక పక్కకు జారి, చటుక్కున వెనక్కి దూకుతాయి. మళ్ళీ జారతాయి, మళ్ళీ దూకుతాయి. నాకు పోసినప్పుడు మంచంతో సహా మద్రాసు మొత్తం గిర్రున తిరిగింది. నీళ్ళు చెవిలో, ఆట కళ్ళలో. చెవికీ కంటికీ లోలోపల ఇంత చుట్టరికం ఉందని ఎవరికి తెలుసు? ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చున్న పూలమ్మి కళ్ళు చూశాను. బయట స్తంభాలు పోతుంటే ఆమె కళ్ళు కూడా అలాగే జారుతూ, దూకుతూ ఉన్నాయి. పక్కనున్న గుమాస్తావీ అంతే. రైలు పెట్టె నిండా కళ్ళు ఒకే ఆట ఆడుతున్నాయి, ఒక్కరికీ తెలియదు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే పూలమ్మి కొంగు సర్దుకుని, "ఏంది సామీ, ఆడకూతుర్ని ఎప్పుడూ సూడలేదా?" అంది. పెట్టె పెట్టంతా నవ్వింది. సైన్సని చెప్పి ఎవర్ని నమ్మించగలను?

తిరుత్తణి క్యాంపు ఆ రోజుల్లోనే. కొండ కింద యాత్రికులు దిగే సత్రం ఒకటి మాకిచ్చారు. ముల్లు పెట్టెను దుప్పటిలో చుట్టి, పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని నేనే ప్యాసింజరులో తెచ్చాను. వాకిట్లో కూర్చుని వచ్చినవాళ్ళను వాళ్ళ కష్టం అడిగి లోపలికి పంపడం నా పని. వరసలో ముందుగా ఒక ముసలాయన, చేనేత చేతులు, మోకాళ్ళ పైకి కట్టిన పంచె. కే.జీ.కండిగై నుంచి వచ్చారు. పేరు చెంగల్రాయుడు. వెంట కోడలు రాజమ్మ, ఆమె చంకలో మూడేళ్ళు దాటిన మనవరాలు వల్లి.

"ఏంది సామీ ఆ పెట్టె, హార్మోనీనా?" అన్నాడు చెంగల్రాయుడు.

"కాదు తాతా. జర్మనీ నుంచి విమానంలో వచ్చింది. దీనికి వేరే సీటు. పక్క సీట్లో కూర్చున్న దొరకు దిగేలోపల చెవుడు పోయింది."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "అట్లనా. దాని టికెట్టు నువ్వే కొన్నట్టుండావే" అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనకు నేనెలాంటివాణ్ణో అర్థమైపోయింది.

రాజమ్మను అడిగాను, బిడ్డకు ఏం కష్టమని.

"మాట ఇనదు సార్" అంది.

"ఎప్పటి నుంచీ?"

"పుట్టినప్పటి నించీ. ఇంత పొగురు పట్టిన బిడ్డ మా ఊర్లోనే లేదు. రా అంటే రాదు. వద్దొద్దంటా ఉంటే పొయ్యికాడికే పోతాది." చెబుతూనే బిడ్డ పావడా కిందికి లాగింది. పిల్ల పిక్కల మీద చింతబరికె చారలున్నాయి.

"దీనికి చెవి డాక్టరెందుకు?" అన్నాడు చెంగల్రాయుడు. "బాలవాడి టీచరమ్మ ఒకటే పోరు పెడతా ఉంటే వస్తిమి. చెవులు బాగుండాయి. నేను మగ్గం గుంటలో కూసోని తొక్కుడుచెక్క మీద కాలేస్తే సాలు, యాడున్నా తిరిగి సూస్తాది. మగ్గం ఆపితే నిద్దర లేస్తాది. ఇంక ఇనపడదని ఎవురు చెప్పేది?"

మన భాషలో ఉన్న చిక్కు నాకు ఆ వాకిట్లో అర్థమైంది. చెప్పినట్టు చేయకపోయినా మాట వినదనే అంటాం. శబ్దం చెవికి చేరకపోయినా వినదనే అంటాం. అరవంలోనూ అంతే. ఆ రెంటిలో ఆ బిడ్డ ఏదో తేలాలి. మొదటిదైతే బరికె, రెండోదైతే బడి. మూగచెవిటి పిల్లలకు మాట నేర్పే బడులు మద్రాసులో ఉన్నాయి, కానీ మాట పట్టుకునే వయసు దాటిపోకముందే చేరాలి.

లోపల వల్లిని చెక్కబల్ల మీద కూర్చోబెట్టారు. నేను వెనక నిలబడి, చిన్న డప్పును బల్ల అంచుకు ఆనించి కొట్టాను. పిల్ల చటుక్కున తిరిగింది. "సూస్తివా" అన్నాడు చెంగల్రాయుడు. మేడమ్, బిడ్డను ఎత్తుకుని రాతినేల మీద నిలబడమని రాజమ్మకు చెప్పింది. డప్పును గాలిలో పట్టుకుని కొట్టమంది. కొట్టాను. ఇంకా గట్టిగా కొట్టాను. పిల్ల తల్లి మెడలో పసుపుతాడుతో ఆడుకుంటోంది. "అదో, ఇప్పుడు పొగురు సూపిస్తా ఉండాది" అన్నాడు ముసలాయన. రాజమ్మ చెయ్యి లేచింది. మేడమ్ ఆ మణికట్టు పట్టుకుంది. వినపడక తిరగలేదో, వినీ తిరగలేదో ఆ గదిలో ఎవరూ చెప్పలేరు. పిల్లను అడిగేందుకు లేదు. చెవినే అడగాలి.

పిల్ల కదలకుండా ఉంటేనే పరీక్ష. చెంగల్రాయుడు మనవరాలి వీపు మీద మగ్గం నడిచే లయతో చేత్తో తడుతూ నిద్రపుచ్చాడు. బల్ల మీద తల్లి ఒళ్ళో నిద్రపోతున్న ఆ చిన్న చెవిలో మేడమ్ బిరడా బిగించింది. ముందు తట్టి చూసింది. లోపల నీరు లేదు, చిల్లి లేదు, బిందె చక్కగా ఉంది. తర్వాత శబ్దం వదిలింది. ముల్లు కదలలేదు. పెంచింది. కదలలేదు. యంత్రం ఇవ్వగలిగినంత ఇచ్చింది. పక్కనున్న మా చెవులకే బిరడా అంచుల్లోంచి సన్నగా వినపడుతోంది. ముల్లు గీసిన గీతలా నిలబడే ఉంది. రెండో చెవీ అంతే.

"నిద్దర నటిస్తా ఉండాది మేడమ్. దాని నాటకాలు మీకు తెలీవు" అన్నాడు చెంగల్రాయుడు. గొంతులో ఇందాకటి ధీమా లేదు.

మేడమ్ నావైపు చూసి, "నువ్వు పడుకో" అంది. ఆయనతో, "ఇతను కూడా నటిస్తాడు. బాగా నటిస్తాడు. చూడండి" అంది.

"ఆ సంగతి నాకు వాకిట్లోనే తెలిసిపోయింది" అన్నాడాయన.

నేను అరుగు మీద పడుకుని నా చేతనైనంత నటించాను. గుర్రు పెట్టాను. బిరడా చెవిలో పడింది, శబ్దం వచ్చింది. ముల్లు ఎగిరిన టక్కు నాకే వినపడింది. మళ్ళీ ఎగిరింది. కళ్ళు తెరిచేసరికి చెంగల్రాయుడు పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఆ ముల్లునే చూస్తున్నాడు. "ఈ అబ్బి నోరు నేను నమ్మను" అన్నాడు. "ముల్లు నమ్ముతా. ఇంగొకసారి బిడ్డకు పెట్టమ్మా."

పెట్టింది. ముల్లు కదలలేదు.

ఆయన చెయ్యి చాచి, పిల్ల పడుకున్న బల్లను అరచేత్తో ఒక్కసారి చరిచాడు. వల్లి కళ్ళు తెరిచి సూటిగా తాతవైపు చూసి నవ్వింది. "కాళ్ళతో ఇంటా ఉండాది మేడమ్" అన్నాడాయన. "నేల అదిరితే ఇంటా ఉండాది. దాన్నే నేను చెవులనుకుంటి."

రాజమ్మ ఏడవలేదు. పావడా పైకి జరిపి పిల్ల పిక్కల మీది చారలను బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయింది. చివరికి, "అయితే ఇన్నాళ్ళూ నేను కొడితిని కదా మేడమ్, యాంటికి కొడతా ఉండానో కూడా దానికి తెలీదు" అంది.

మేడమ్‌కు ఆ తెలుగు మొత్తం అర్థమైందో లేదో. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇది సగం పరీక్షేననీ, తలకు తీగలు అతికించి, చెవి నుంచి మెదడుకు వార్త పోతోందో లేదో చూసే యంత్రం మద్రాసులో ఉందనీ, వెంటనే తీసుకురావాలనీ చెప్పింది. "మగ్గం మీద పడుగుండాది మేడమ్. అది నేసి కోసినాక వస్తాము" అన్నాడు చెంగల్రాయుడు. వల్లి తాత భుజమెక్కి, నేను పట్టుకున్న దుప్పటి మూట వైపు చూస్తూ వెళ్ళిపోయింది.

ఆ నాటికీ ఈ నాటికీ తూచి చూస్తే నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. అప్పుడు ఒక బిడ్డ సంగతి తేలడానికి బాలవాడి టీచరు పోరు, ముసలాయన పంతం, ఒక అబద్ధాలకోరు గురక, ఇన్ని కావలసి వచ్చాయి. అప్పటికే చారలు పడి ఉండేవి. ఇప్పుడు పుట్టిన మర్నాడే, ఎవరూ మాట వినదని అనకముందే, బరికె అనేది ఒకటుందని బిడ్డకు తెలియకముందే తేలిపోతోంది. ఎవరికీ ఆశ్చర్యంగా లేదు. అలా లేకపోవడమే మంచిదేమో. నాకు మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

చాలా ఏళ్ళకు తిరుత్తణి బస్టాండులో వల్లిని చూశాను. చెవి వెనక యంత్రం, చేతిలో టిఫిన్ క్యారియరు, పూలమ్మితో మూర మీద గట్టిగా బేరం చేస్తోంది. మాట కొంచెం నోట్లో గులకరాయి ఉన్నట్టుంది, అంతే. పక్కన రాజమ్మ నన్ను గుర్తుపట్టి చెబితే, వల్లి నా పెదవుల వైపు చూస్తూ నిలబడింది. "ఏమ్మా, ఇప్పుడన్నా మీ అమ్మ మాట వింటున్నావా?" అన్నాను. వల్లి నవ్వి, "ఇనపడతాది. ఇనను" అంది.

ఇంత చక్కగా అతికిన జవాబు చూసి మీకు అనుమానం వచ్చే ఉంటుంది. ఈ బస్టాండు నేను కట్టింది. క్యారియరు, పూలు, గులకరాయి, ఆ జవాబు, అన్నీ కట్టినవే. నా చదువు అయ్యేదాకా మద్రాసులో రోజూ పరీక్షకు వచ్చేవాళ్ళ వరస చూసేవాణ్ణి, వాళ్ళు రాలేదు. నేను వచ్చేశాక వచ్చారేమో తెలియదు. ఒకసారి ఆర్.కె.పేట బస్సెక్కి కండిగైలో దిగి అడిగితే, తిరుప్పూరుకు పోయారని ఒకరు, ఈరోడుకని ఒకరు అన్నారు. పాపకు మాటొచ్చిందా అంటే, ఏ పాప అన్నారు. అందుకని ఒక బస్టాండు కట్టి, ఇన్నేళ్ళుగా ఆ పిల్లను అక్కడ నిలబెట్టుకున్నాను. అది తీసేస్తే మిగిలేది సత్రంలో చెక్కబల్ల, కదలని ముల్లు, రాజమ్మ అన్న మాట. అవి నేను కట్టలేదు. అలాంటి మాట కట్టడం నా వల్ల కాదు.